ఆసుపత్రి వాకిట అడగని ప్రశ్న

ఈ వారం పార్లమెంటును గురించి గాని, మంత్రివర్గ మార్పుల వదంతులను గురించి గాని రాయబోవడం లేదు. రాజధానిలో కాపురమున్న విలేకరికి కూడ ఇరుగుపొరుగులు ఉంటారు; వారిలో ఎవరికో చేయి విరుగుతుంది; అర్ధరాత్రి ఆటో ఎక్కించుకొని ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీకి పరుగెత్తక తప్పదు. అట్లా వెళ్ళి, పక్కింటి పెద్దాయన ఎక్స్‌రే కోసం మూడు గంటలు బల్లమీద కూర్చున్న ఒక రాత్రి నేను చూచిన సంగతితో ఆరంభిస్తాను. ఆసుపత్రి పేరుతో మనకు పని లేదు. ఈ దేశంలో ఏ ఊరి పెద్దాసుపత్రి పేరు పెట్టుకొని చదువుకున్నా సరిపోతుంది.

ముప్పై ఏళ్ళు దాటని ఒక స్త్రీ, ఎడమ కన్ను వాచి మూసుకుపోగా, కొంగు అడ్డం పెట్టుకొని వచ్చింది. వెంట భర్త ఉన్నాడు. శ్రీకాకుళం వైపు నుంచి కట్టడపు పనులకు వచ్చినవారని యాస చెబుతూనే ఉన్నది. ఏమయిందని డ్యూటీ డాక్టరు హిందీలో అడిగాడు. ఆమెకు హిందీ రాదు. "మెట్ల మీంచి జారిపడింది సాబ్" అని భర్త వచ్చీరాని హిందీలో చెప్పాడు. డాక్టరు తల ఎత్తకుండా అదే రాసుకున్నాడు. ఆయనను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన ముందు ఇంకా నలభై మంది నిలబడి ఉన్నారు. భర్త మందుల చీటీ పట్టుకొని కౌంటరు దగ్గరకు పోయినప్పుడు నేను తెలుగులో "ఏమయిందమ్మా?" అని అడిగాను. ఆమె నా వంక చూచి, "సెప్తే ఏటవుద్ది బాబూ? రేత్రికి ఇంటికెల్లాల్సింది ఆయనతోనే కదా" అన్నది. అంతే. భర్త తిరిగి వచ్చాడు.

వైద్యలోకం పాతికేళ్ళకు పైగా తర్జనభర్జన పడుతున్న విషయమంతా ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నది. దెబ్బలతో వచ్చిన స్త్రీని "ఎవరు కొట్టారు?" అని వైద్యుడు అడగాలా, అక్కరలేదా? అడిగితే ఎక్కడ, ఎట్లా అడగాలి? ఆమె నోరు విప్పిన తరువాత ఆసుపత్రి ఆమె చేతిలో ఏమి పెట్టగలదు? ఈ మూడవ ప్రశ్నకు జవాబు లేకుండా మొదటి రెండింటికి జవాబు వెదకడం వృథా అని ఆ శ్రీకాకుళం ఇల్లాలికి మన పథక రచయితలకంటె ముందే తెలుసును.

ముందు కొన్ని లెక్కలు. 2019–21లో జరిగిన అయిదవ విడత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 18 నుంచి 49 ఏళ్ళ మధ్య వయసులో ఉండి పెళ్ళయిన స్త్రీలలో నూటికి 29.3 మంది భర్త చేతిలో శారీరకంగా గాని, లైంగికంగా గాని హింసకు గురైనవారు. కర్ణాటకలో ఈ సంఖ్య 44.4, తెలంగాణలో 36.9, ఆంధ్రప్రదేశ్‌లో 30. అంతకు ముందటి విడత సర్వేలో మన రెండు రాష్ట్రాల్లోను ఇది 40 దాటి ఉండేది కనుక కొంత తగ్గినదని సంతోషించవచ్చును. కాని అదే సర్వేలో, ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సబబేనని ఒప్పుకున్న స్త్రీలు రెండు తెలుగు రాష్ట్రాల్లోను నూటికి 83 మందికి పైగా ఉన్నారు. కూరలో ఉప్పు తక్కువైతే కొట్టవచ్చును, అత్తమామలను గౌరవించకపోతే కొట్టవచ్చును, చెప్పకుండా బయటికి పోతే కొట్టవచ్చును! చదువుల్లో, ఉద్యోగాల్లో, పొదుపు సంఘాల్లో దేశానికి దారి చూపామని చెప్పుకొనే మనం ఈ అంకె దగ్గర మాత్రం మౌనంగా దాటిపోతుంటాము.

నాకు వీటన్నిటికంటె ముఖ్యమని తోచినది వేరొక అంకె. హింసకు గురైన స్త్రీలలో ఎవరివద్దనైనా సహాయం కోరినవారు నూటికి 14 మంది మాత్రమే. ఆ కొద్దిమందీ చాలావరకు పుట్టింటివారి దగ్గరకు పోయినవారే. పోలీసు దగ్గరకు పోయినవారు స్వల్పం, వైద్యునికి చెప్పుకున్నవారు నామమాత్రం. విచిత్రమేమంటే, ఇదే స్త్రీలు ఆసుపత్రికి మాత్రం వస్తూనే ఉంటారు. గర్భిణిగా ఉన్నప్పుడు వస్తారు, పిల్లవాడికి టీకా వేయించడానికి వస్తారు, తలనొప్పి అనీ నీరసం అనీ వస్తారు, విరిగిన చేతితో వస్తారు, పురుగుల మందు తాగితే మోసుకొని వస్తారు. పోలీసు స్టేషనుకు పోతే ఊరంతా తెలుస్తుంది. వకీలు దగ్గరకు పోతే డబ్బు కావాలి. పుట్టింటికి పోతే కారణం చెప్పాలి. ఇంటిలో ఎవరి అనుమతీ పెద్దగా అడగకుండా, ఎవరికీ అనుమానం కలగకుండా ఆమె పోగల తలుపు ఒక్క ఆసుపత్రిదే.

ఆ తలుపు లోపల ఏమి జరుగుతున్నదో మొదట రిజిస్టర్లు తిరగవేసి చూచినది బొంబాయిలో. 1990ల చివర అక్కడి ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీ రికార్డులను పరిశోధకులు పరిశీలించి, అక్కడికి వచ్చిన స్త్రీల కేసుల్లో సుమారు 23 శాతం నిశ్చయంగా గృహహింసేననీ, మరి 44 శాతం బహుశా గృహహింసే కావచ్చుననీ తేల్చారు. అంటే మూడింట రెండు వంతులు! రిజిస్టరులో ఉన్న మాటలు మాత్రం "జారిపడినది", "స్టవ్ అంటుకొన్నది", "పొరపాటున మందు తాగినది" అనేవే. ఢిల్లీ పాఠకులకు ఈ "స్టవ్" మాట కొత్త కాదు. 1979 నుంచి ఇక్కడి మహిళా సంఘాలు వీధిన పడి కేకలు పెట్టేదాకా, కోడళ్ళ చీరలకే ఎందుకు నిప్పంటుకొంటున్నదో, అత్తల చీరలకు ఎందుకు అంటుకోదో ఏ ఆసుపత్రీ అడగలేదు.

ఆ బొంబాయిలోనే, బాంద్రాలోని కె.బి. భాభా మునిసిపల్ ఆసుపత్రిలో, 2000–2001 ప్రాంతంలో "దిలాసా" అనే విభాగం మొదలైంది. దిలాసా అంటే ఊరట, ధైర్యం చెప్పడం. నగరపాలక సంస్థ, "సెహత్" అనే ఆరోగ్య పరిశోధన సంస్థ కలిసి దీనిని నెలకొల్పాయి. తరువాత కుర్లాలోని ఆసుపత్రిలో రెండవది వచ్చింది. మరికొన్నేళ్ళకు జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ కింద ఆ నగరంలోనే పదికి పైగా ఆసుపత్రులకు ఇది విస్తరించింది.

దిలాసాలోని గొప్పతనం దాని గదిలో లేదు. ఆ గది ఆసుపత్రిలో ఉన్న అనేక విభాగాల్లో ఒకటి. కంటి విభాగానికి, ఎముకల విభాగానికి పంపినట్లే డాక్టరు ఇక్కడికీ చీటీ రాసి పంపుతాడు. ఆమె చేతిలో ఉండేది ఓ.పి. చీటీయే కనుక ఇంటికి పోయి చూపించినా ఎవరూ ఏమీ అనుకోరు. కాని ఆ చీటీ రాసే చేతిని తయారు చేయడమే అసలు పని. అందుకోసం ఆసుపత్రి సిబ్బందిలోనే కొందరిని ఎంపిక చేసి, వారినే శిక్షకులుగా తయారు చేశారు. బయటినుంచి ఎవరో వచ్చి స్త్రీవాదం బోధించి పోతే, మరునాటికి అది గాలికి పోతుంది. పదిహేనేళ్ళుగా అదే వార్డులో పనిచేస్తున్న సిస్టర్ చెప్పినప్పుడు కొత్తగా వచ్చిన హౌస్ సర్జను వింటాడు.

మరొక ఉపాయం నాకు ఎంతో నచ్చింది. ఆ రాత్రి ఇంటికి పోతే ప్రాణానికి ప్రమాదమని తోచిన స్త్రీని, వైద్యపరిశీలన పేరిట ఒకటి రెండు రోజులు వార్డులోనే చేర్చుకొంటారు. షెల్టరు హోము కోసం అర్ధరాత్రి వెదకనక్కరలేదు. మంచం ఉన్నది, భోజనం ఉన్నది, కాపలా ఉన్నది. "డాక్టరుగారు ఉంచమన్నారు" అనే మాటకు ఎదురు చెప్పే భర్తలు మన దేశంలో అరుదు. ఈలోగా సలహాదారు ఆమెతో కూర్చుని, ఎవరి ఇంటికి పోగలదో, పిల్లలను ఎట్లా తెచ్చుకోవాలో, కాగితాలు ఎక్కడ దాచుకోవాలో, మళ్ళీ కొడితే ఏ పొరుగువారిని కేకవేయాలో ఆలోచిస్తుంది. "రేత్రికి ఇంటికెల్లాల్సింది ఆయనతోనే కదా" అన్న మాటకు నాకు తెలిసినంతలో ఇంతకంటె సూటి సమాధానం లేదు.

ఇక అడగడం సంగతి. వచ్చిన ప్రతి స్త్రీనీ వరుసపెట్టి అడగాలా అన్నదానిపై పాశ్చాత్య దేశాల్లో పెద్ద వాదమే నడిచింది. అమెరికాలోని నివారణ వైద్య నిపుణుల సంఘం 2018లో, పిల్లలు కనే వయసులో ఉన్న స్త్రీలందరినీ అడగవలసిందేనని సిఫారసు చేసింది. కెనడాలోని ఒంటారియోలో జరిపి 2009లో ప్రచురించిన పరిశీలనలో మాత్రం, ఊరకే అడిగి వదిలినందువల్ల హింస చెప్పుకోదగినంత తగ్గినట్లు తేలలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో వెలువరించిన మార్గదర్శకాల్లో మధ్యేమార్గం పట్టింది: అందరినీ అడగనక్కరలేదు, కాని అనుమానించవలసిన లక్షణాలు కనిపించినప్పుడు అడిగి తీరాలి. చెప్పిన కారణానికి, గాయానికి పొంతన కుదరకపోవడం, మానిన దెబ్బల పక్కన కొత్త దెబ్బలు ఉండడం, మళ్ళీ మళ్ళీ గర్భస్రావం కావడం, కారణం దొరకని నొప్పులు, దిగులు, ఆత్మహత్యాయత్నం, ప్రతి ప్రశ్నకూ పక్కనున్న భర్తే జవాబు చెప్పడం - ఇవి ఆ లక్షణాలు. మన ఆసుపత్రుల రద్దీ ఎరిగినవారికి ఇదే ఆచరణయోగ్యమని నా అభిప్రాయం. పది మంది ఎదుట, యాంత్రికంగా, టిక్కు పెట్టే కాగితం మీద అడిగే ప్రశ్న, అడగకపోవడంకంటె ప్రమాదకరం.

చాటు లేనిచోట అడగరాదు. అత్తగారు గాని, మాటలు వచ్చిన పిల్లవాడు గాని పక్కనుండగా అడగరాదు. భర్తను దుబాసీగా ఎన్నడూ ఉంచరాదు. అందుకు చోటెక్కడిదని డాక్టర్లు అడుగుతారు. కాని ఈ విషయంలో మన ఆసుపత్రులకు ధనిక దేశాల్లో లేని ఒక సౌకర్యం ఉన్నదని చాలామంది గమనించరు. స్త్రీల వార్డులోకి, పురిటి గదిలోకి, కట్లు కట్టే గదిలోకి మగవారిని రానివ్వకపోవడం మనకు అలవాటే. "మీరు బయట ఉండండి" అని నర్సు అనడంలో ఎవరికీ వింత తోచదు. ఆ పది నిమిషాలు చాలు. అత్తగారిని బయట ఉంచడం కొంత కష్టమనుకోండి. ఆమెను మందులకు పంపవచ్చును.

అడిగే తీరు కూడ ముఖ్యమే. "మీ ఆయన కొడతాడా?" అంటే లేదనే వస్తుంది. "ఇట్లాంటి దెబ్బలతో వచ్చేవారిలో చాలామందికి ఇంట్లో ఎవరో చేయిచేసుకున్నందువల్ల తగిలినవే ఉంటాయమ్మా; నీకూ అట్లా జరిగిందా?" అంటే, ఆమె ఒక్కతే కాదని తెలుస్తుంది. లేదన్నా ఫరవాలేదు. ఇక్కడ ఒకరు అడుగుతారన్న సంగతి ఆమెకు తెలిసింది. మూడవసారి వచ్చినప్పుడు చెబుతుంది. చెప్పినప్పుడు తొందరపెట్టకుండా వినడం, ఆమెకు ఏమి కావాలో ఆమెనే అడగడం, "నిన్ను నమ్ముతున్నాను, ఇది నీ తప్పు కాదు" అని చెప్పడం, భద్రత చూడడం, తోడు నిలిచేవారితో కలపడం - ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన అయిదు మెట్లు ఇవే. ఈ మధ్య దెబ్బలు ఎక్కువైనాయా, గొంతు నులిమాడా, ఆయుధం తీశాడా, చంపుతాడని నీకు భయమున్నదా, కడుపుతో ఉండగా కొట్టాడా అనే ప్రశ్నలకు అవునని వస్తే, ఆమెను ఆ రాత్రి ఇంటికి పంపడానికి వీలులేదు. "సర్దుకుపో తల్లీ, కాపురమన్నాక ఇవన్నీ ఉంటవి" అన్న సలహా మాత్రం వైద్యం కాదు. అది చెప్పడానికి ఆమెకు ఊరినిండా మనుషులున్నారు.

పురుగుల మందు సంగతి వేరే చెప్పాలి. మన జిల్లాల్లో ఇది ఎంత సాధారణమో పాఠకులు ఎరుగుదురు. ఆత్మహత్యాయత్నం నేరమని పాత శిక్షాస్మృతిలో ఉన్నంతకాలం, ఆసుపత్రికి తెచ్చినవారంతా "పొరపాటున తాగింది" అనే రాయించేవారు. అందువల్ల ఎందుకు తాగిందన్న ప్రశ్నకే తావు లేకపోయేది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలనీ, శిక్షించరాదనీ చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, అధికారిని బెదిరించడానికి చేసే ప్రయత్నం తప్ప, ఆ పాత నేరమే లేదు. ఈ సంగతి ఎంతమంది క్యాజువాలిటీ డాక్టర్లు రోగి బంధువులకు చెబుతున్నారు?

చట్టాల మాట వచ్చింది కనుక మరొకటి. గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2005లో పార్లమెంటు ఆమోదం పొంది, 2006 అక్టోబరు 26న అమలులోకి వచ్చింది. ఇందులో రక్షణ అధికారిని గురించి, మేజిస్ట్రేటును గురించి అందరూ రాశారు. ఏడవ సెక్షనును గురించి రాసినవారు తక్కువ. బాధితురాలు గాని, ఆమె తరఫున రక్షణ అధికారి గాని కోరితే ఆసుపత్రి వైద్యసహాయం ఇచ్చి తీరాలని అది చెబుతుంది. నియమావళిలోని 17వ నియమం ఇంకా ముందుకు పోయింది. గృహహింస నివేదిక లేదన్న కారణంతో వైద్యం నిరాకరించరాదు. నివేదిక అప్పటికి లేకపోతే ఆసుపత్రి బాధ్యుడే దానిని నింపి రక్షణ అధికారికి పంపాలి. వైద్యపరీక్ష నివేదిక నకలు ఆమెకు ఉచితంగా ఇవ్వాలి. ఈ నియమం గోడమీద రాసిపెట్టిన ఆసుపత్రి నా కంట ఇంతవరకు పడలేదు.

ఆ కాగితం విలువ ఆమెకు వెంటనే తెలియదు. మూడేళ్ళ తరువాత మనోవర్తి కోసమో, బిడ్డ కోసమో కోర్టు మెట్లెక్కినప్పుడు తెలుస్తుంది. "ఎడమ కంటి చుట్టూ కమిలిన గాయం, భర్త పిడికిలితో కొట్టినట్లు రోగి చెప్పినది" అని ఆ రాత్రి డాక్టరు రాసిన ఒక్క వాక్యం, తరువాత తెచ్చే పది మంది సాక్షులకంటె బలమైనది. "మెట్లపై నుంచి జారిపడినది" అని ఉంటే, అదే వాక్యం అవతలి వకీలు చేతిలో ఆయుధమవుతుంది. ఇక్కడ డాక్టర్లకు ఒక భయమున్నది: రాస్తే కోర్టు చుట్టూ తిరగాలి, బదిలీ అయిన ఊరి నుంచి సమన్ల మీద రావాలి. ఆ భయం నిజమైనదే. సాక్ష్యానికి పోయిన డాక్టరుకు దారిఖర్చులూ సెలవూ సక్రమంగా ఇవ్వని ప్రభుత్వం, ఆయనను మానవత్వం లేనివాడని నిందించడం అన్యాయం.

మరి కేంద్రప్రభుత్వం ఏమి చేసింది? గదులు కట్టింది. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తరువాత నియమించిన ఉషా మెహ్రా కమిషను, బాధితులకు కావలసినవన్నీ ఒకేచోట లభించే కేంద్రం ఆసుపత్రిలోనే ఉండాలన్నది. ఆ సిఫారసు ఆధారంగానే 2015 ఏప్రిల్ 1న "సఖి" కేంద్రాల పథకం వచ్చింది. నేడు దేశంలో ఇవి 800కు పైగా ఉన్నవి. అయితే పథకం రాసినప్పుడు, ఆసుపత్రి ఆవరణలో చోటు దొరకకపోతే రెండు కిలోమీటర్ల లోపు ఎక్కడైనా పెట్టవచ్చునని ఒక వెసులుబాటు చేర్చారు. ఢిల్లీలో కూర్చుని మ్యాపు మీద చూచేవారికి రెండు కిలోమీటర్లు దూరం కాదు. చేయి విరిగి, చంకలో పిల్లతో, చేతిలో చిల్లర లేకుండా, వెంట భర్త ఉండగా రాత్రి పదకొండు గంటలకు రెండు కిలోమీటర్లంటే మాత్రం అది మరొక ఊరు. ఆవరణలోనే ఉన్న కేంద్రం సైతం, ఓ.పి. డాక్టరుకు దాని ఉనికి తెలియకపోతే, తాళం తీసిన ఖాళీ గదే అవుతుంది.

కేరళలో 2009 నుంచి జిల్లా ఆసుపత్రుల్లోనే "భూమిక" కేంద్రాలు నడుస్తున్నవి. మన తెలుగు స్త్రీవాద పత్రిక పేరే అది. హర్యానా తన ఆసుపత్రుల్లో "సుకూన్" అని పెట్టుకొన్నది; షిల్లాంగులోని గణేశ్ దాస్ ఆసుపత్రిలో ఖాసీ భాషలో పేరు పెట్టుకొని ఒకటి నడుస్తున్నది. హైదరాబాదులో 2016లో వచ్చిన "భరోసా" పోలీసులు నడిపేది, మంచి పేరు తెచ్చుకొన్నది. అయినా పోలీసు పేరు వింటేనే వెనుకాడే ఇల్లాలికి అది రెండవ మెట్టే కాగలదు. పొరుగు దేశాలూ వెనుకబడి లేవు. బంగ్లాదేశ్ 2001లోనే ఢాకా మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఇటువంటి కేంద్రం తెరిచింది. నేపాల్ 2011 నుంచి జిల్లా ఆసుపత్రుల్లో పెడుతూ వచ్చింది. శ్రీలంక ఆసుపత్రుల్లో సింహళంలో "మితురు పియస" అనీ, తమిళంలో "నట్పు నిలయం" అనీ, అంటే స్నేహితుల ఇల్లు అనే అర్థంలో, బోర్డు కడతారు. హింస అన్న మాట బోర్డు మీద లేకపోవడంలోనే వారి తెలివి ఉన్నది. ఆ గుమ్మంలోకి పోతున్న స్త్రీని చూచి ఎవరూ ఏమీ ఊహించరు.

భర్త చేసే బలాత్కారం మన శిక్షాస్మృతిలో నేటికీ అత్యాచారం కింద లెక్కకు రాదు. కాని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు, గర్భస్రావ చట్టం అమలు మేరకు, అత్యాచారం అన్న మాటలో భర్త చేసినది కూడ చేరుతుందని తీర్పు చెప్పింది. శిక్షాస్మృతి ఏమన్నా సరే, వైద్యుడు మాత్రం ఆమె మాట విని సాయపడవలసిందేనని దీని భావం. ప్రసూతి విభాగంలోని వైద్యులకు ఈ తీర్పు పాఠం చెప్పి ఉంటే బాగుండును.

దిలాసా వంటిది ప్రతి జిల్లాలోనూ సాధ్యమా అంటే, ఇంతకంటె పెద్ద పనులే మనం చేశాము. పోలియో చుక్కలు ఇంటింటికీ మోసినది ఈ నర్సులే, ఈ ఆశా కార్యకర్తలే. అడ్డు వచ్చేవి ఖర్చులు కావు, బదిలీలు. శిక్షణ పొందిన సిస్టర్ ఆరు నెలలకు వేరే వార్డుకు పోతుంది. సఖి కేంద్రంలోని సలహాదారు కాంట్రాక్టు ఉద్యోగి, జీతం నెలలతరబడి రాక వెళ్ళిపోతుంది. కొత్తగా వచ్చినవారు మళ్ళీ "మెట్లపై నుంచి జారిపడినది" అని రాయడం మొదలుపెడతారు. నర్సింగు, ఎం.బి.బి.ఎస్. చదువుల్లోనే విషం కక్కించడం నేర్పినట్లు దీనినీ నేర్పి, పరీక్షలో ఒక ప్రశ్న పెడితే, బదిలీలతో పోయేది సగమైనా మిగులుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల వైద్య విశ్వవిద్యాలయాలు ఢిల్లీ అనుమతికోసం చూడకుండా చేయగల పని ఇది.

అంతవరకు ఇది చదివే సోదరీమణులు రెండు సంగతులు గుర్తుంచుకోవచ్చును. వైద్యపరీక్ష నివేదిక నకలు ఉచితంగా అడిగి తీసుకొనే హక్కు వారికి ఉన్నది. 181 అనే మహిళా సహాయ టెలిఫోను నంబరు పగలూ రాత్రీ పలుకుతుంది. దానికి ఫోను చేయడానికి ముందు కేసు పెట్టనక్కరలేదు.